సేగావ్‌లోని మట్టియిల్లు

రాజుల కోటలకు చరిత్రకారులు గలరు. దేవాలయములకు శాసనములు గలవు. పల్లెటూరి యింటికి ఈ రెండును లేవు. దాని చరిత్రమంతయు గోడల యలుకులోను, చూరు క్రింద మసలినవారి నోటను నిలిచియుండి, వారితోడనే నశించుచుండును. అయినను, దేశచరిత్రముతో పెనవైచుకొనిపోయిన యొక పల్లెటూరి మట్టియింటి వృత్తాంతము నశింపక మనకు దక్కినది. ఆ యిల్లు మహారాష్ట్రమున వార్ధాపట్టణమునకు సుమారైదు మైళ్ళ దూరముననున్న సేవాగ్రామమున గలదు. బాపూకుటీరమను దాని పేరెఱుగని విద్యావంతుడు మనలో నుండడు. కాని యది మొదట ఎవరి యిల్లు, ఎవరి చేతులతో లేచినది, అందు కాపురమున్నవారి కష్టసుఖములెట్టివి యని యడిగినచో చెప్పగలవారు కొలదిమందియే. ఇండ్లును భూములును గల మన గృహస్థులు ఆ కథను వినదగినవారని తలంచి దానిని నేడిట నివేదించుచున్నాము.

1930వ సంవత్సరము మార్చి 12వ తేదీన గాంధీమహాత్ముడు సబర్మతి విడిచి దండికి బయలుదేరినపుడు, స్వరాజ్యము వచ్చువఱకు మరల నా యాశ్రమమున నివసింపనని ప్రతిజ్ఞ చేసెను. 1933లో ఆ యాశ్రమమునే విడిచిపెట్టెను. పిమ్మట జమ్నాలాల్ బజాజుగారి యాహ్వానమున వార్ధా చేరి, మగన్‌వాడీ యను తోటలో నుండెను. 1934 డిసెంబరులో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమచ్చటనే వెలసినది. పల్లెల బాగునకై సంఘము పెట్టి, తాము పట్టణమున కూర్చుండుట మహాత్మునకు రుచింపలేదు. నూనె గానుగను గూర్చియు, దంపుడు బియ్యమును గూర్చియు, పాయిఖానాల శుభ్రతను గూర్చియు వ్రాయుట వేఱు, పల్లెలో కాపురముండి యా పనిని చేయుట వేఱు. అందుచే నొక గ్రామమున, సాధ్యమైనచో నొంటరిగనే, నివసింపవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

అట్లు ఎన్నుకొనబడిన గ్రామమే సేగావ్. అచ్చట అంగడి లేదు, తపాలాకచ్చేరి లేదు, సరియైన బాట లేదు. వానకాలమున నల్లరేగడి బురదలో బండి చక్రములు ఇఱుసువఱకు దిగిపోవుచుండెను. నివాసులలో హరిజనులే యెక్కువ. గ్రామమునందలి భూమిలో పెద్దపాలు జమ్నాలాల్ బజాజుగారిది. మన జమీందారీలవంటిదే అచ్చటి మాల్గుజారీ పద్ధతి. అదియు 1951లో రద్దయినది. ఆనాడు మాత్రము గ్రామాధికారము గల సంపన్నుడే తన మిత్రునకు కుటీరము వేసికొనుటకై స్థలము చూపెను. మహాత్ముని శిష్యురాలగు మీరాబెన్, ఇంగ్లాండున నౌకాసేనాధిపతి కొమరిత, ముందుగనే యచ్చటికి పోయి గ్రామసేవ నారంభించియుండెను.

1936 ఏప్రిల్ 30వ తేదీ యుదయమున అఱువదియేడవయేట నడచుచున్న యా వృద్ధుడు వార్ధానుండి కాలినడకను సేగావ్ చేరెను. గ్రామస్థులతో మాటలాడుచు, అస్పృశ్యతను తాను పాటింపనని, ఎవరిని బలవంతపెట్టనని దాచక చెప్పెను. వయోవృద్ధుడగు గ్రామపటేలు అంతే నిష్కపటముగ బదులు చెప్పెను: మహాత్ముడు తమ యూరికి వచ్చుట సంతోషమే, కాని యా విషయమున తాను మాత్రము వెంటనడువజాలనని. మేమీ సంగతిని ప్రత్యేకముగ ఎత్తి చెప్పుచున్నాము. మహాత్ముని చూడగనే గ్రామము గ్రామమంతయు మాఱిపోయెనని వ్రాసినచో అది పురాణమగును, చరిత్రము కాదు. ఆ యిల్లు లేచినది, దాని నియమములు కొన్నిటిని మొగముముందే కాదన్న గ్రామములో. ఆ పటేలు నిజాయితీని మహాత్ముడు గౌరవించెను. తన పని తాను చేసికొనెను.

మొదట కట్టిన కుటీరమునకు నేడు ఆదినివాసమని పేరు. దానికి నూఱురూపాయలు మించి వ్యయము చేయరాదనియు, సామగ్రియు కూలీలును ఆ ప్రాంతమువే కావలెననియు కట్టడి. మట్టిగోడలు, వెదురు తడికలు, నాటుపెంకుల కప్పు, పేడతో నలికిన నేల, ఇంతియే దాని వైభవము. ఏప్రిల్‌లో కొలదిదినములుండి, జూన్ నడుమ, వానలో, మహాత్ముడు మరల వచ్చి యందు స్థిరపడెను. ఆ సంవత్సరమే ఆయన చలిజ్వరము పాలై వార్ధా ఆస్పత్రిలో నుండవలసివచ్చెను. పల్లెటూళ్ళ యనారోగ్యమును గూర్చి ఆయన వ్రాసిన వ్రాతలకు అది స్వానుభవము తోడైనది.

ఒంటరిగ నుండవలెనను సంకల్పము ఎట్లు నెఱవేరినదో విని మన గృహిణులు నవ్వుకొందురు. ఆ యొక్క గదిలో మహాత్ముడు, కస్తూరిబాయి, కార్యకర్తలు, దర్శనార్థమై వచ్చిన యతిథులు, నాటి సరిహద్దుగాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ వంటి పెద్దలు, అందఱును ఒక కప్పుక్రిందనే సర్దుకొనవలసివచ్చెను. మగవారికది తపస్సు. కస్తూరిబాకో, బట్ట మార్చుకొనుటకైన చాటులేని యిల్లు. ఏబదియేండ్లకు పైబడి కాపురము చేసిన యిల్లాలి యీ యిబ్బందిని లోకగురువు ముందుగ గుర్తింపలేకపోయెను. జమ్నాలాల్ గారు గుర్తించి, ఆమెకై పక్కనే చిన్న కుటీరము నొకదానిని వేయించిరి. అదియే బాకుటీరము. ఎంతటి యాదర్శమునకైనను ఇంటి ఆడువారి సౌకర్యమే మొదటి గీటురాయి. మన పెద్ద లోగిళ్ళలో వీధియరుగు విశాలమై, వంటిల్లు పొగచూరి చీకటియైయుండుట చూచినవారికి ఈ మాట యర్థము కాకపోదు.

ఇక బాపూకుటీరము సంగతి. అది మహాత్మునికై కట్టినది కాదు. మీరాబెన్ తన నివాసమునకును, గ్రామస్థులకు వడకుట ఏకుట నేర్పుటకును కట్టించుకొన్నది. లోపలి గోడమీద మట్టితోనే తాటిచెట్లను, రాట్నమును, ఓంకారమును ఉబ్బెత్తుగ తీర్చి యలంకరించినది. ఆదినివాసమున జనసమ్మర్దము మితిమీఱి, మహాత్ముని యారోగ్యము చెడినపుడు, ఆమె తన యింటిని ఆయనకు విడిచిపెట్టి వేఱొకచోటికి పోయెను. అవసరమునుబట్టి దానికి కొన్ని వసారాలు, స్నానపుగది, రోగులగది చేర్చబడినవి. ఇట్లొక యాంగ్లేయ స్త్రీ తన చేతులతో తీర్చిదిద్దుకొన్న గ్రామగృహము, ఆంగ్లప్రభుత్వమును కదలించిన మంత్రాలోచనకు స్థానమైనది. చరిత్రలో నిట్టి విచిత్రములు కొన్ని గలవు.

ఆ యింటిలో కుర్చీలు లేవు. చాప, పఱుపు, ఆనుకొనుటకు పలక, పొట్టి వ్రాతబల్ల, కాగితములు గాలికెగురకుండ నుంచుటకు గులకఱాళ్ళు, పావుకోళ్ళు, చేతికఱ్ఱలు, ఇవియే సామగ్రి. పాములను పట్టు కఱ్ఱపటకారును, వానిని పెట్టు పెట్టెయు నేటికిని అచ్చట చూపుదురు. పాములు సమృద్ధిగ నున్న యా పొలములలో, వానిని చంపక పట్టి దూరముగ విడుచుట యాశ్రమనియమము. చాపపై కూర్చుండిన గృహస్థునితో మాటలాడుటకు రాజప్రతినిధి లిన్‌లిత్‌గో ప్రభువునకు తహతహ కలుగగా, ఆ పల్లెకు టెలిఫోనుతీగ నడచివచ్చినది. ఆ యంత్రపు గది యిప్పటికిని బాపూకుటీరమునకు సమీపముననే యున్నది. ఇంగ్లాండునుండి లోథియన్ ప్రభువు 1938 జనవరిలో వచ్చి ఆ పల్లెలోనే బసచేసెను. 1942 జూన్ నెలలో అమెరికా పత్రికారచయిత లూయీ ఫిషర్ వారము దినములు మహాత్ముని యతిథియై, వార్ధా యెండలకు తాళలేక, నీళ్ళతొట్టిలో కూర్చుండి తన సంభాషణల నివేదికలను యంత్రముపై అచ్చుకొట్టుకొనెనట.

ఆ కుటుంబమున నెవరెవరుండిరో చూచినచో ఆ యింటి తత్త్వము తెలియును. మహాదేవ దేశాయిగారు మహాత్మునకు కార్యదర్శి, లేఖకుడు, కొడుకువంటివాడు. మొదట ఆయన మగన్‌వాడీలోనే కాపురముండి, ప్రతిదినమును ఎండలో సేగావ్‌కు నడచివచ్చి, పని ముగించుకొని నడచిపోవుచుండెను. పోను రాను పదునొకండు మైళ్ళు. ఆ శ్రమ ఆయన దేహమును క్రుంగదీసినది. తరువాత సేగావ్‌లోనే ఆయనకొక కుటీరము వేసిరి. పర్చురేశాస్త్రిగారు సంస్కృతపండితులు, ఎరవాడ చెఱసాలలో మహాత్ముని సహవాసులు. కుష్ఠువ్యాధి పీడితులై, ఎచ్చటను ఆశ్రయము లేక, 1939లో ఆశ్రమము వాకిట వచ్చి పడిరి. వారిని లోపలకు తీసికొనుట తన యొక్కని యిష్టమునకు చెందిన పని కాదనియెంచి మహాత్ముడు ఆశ్రమవాసులనడిగి, వారియంగీకారమును పొంది, ఆయనకు కుటీరము కట్టించి, స్వహస్తములతో గాయములు కడిగి తైలమర్దనము చేయుచుండెను. శాస్త్రిగారు 1945లో కాలధర్మము నొందిరి. అంటురోగమని బంధువులే విడనాడు వానికి తన పక్కయింట చోటిచ్చుట ఎంతటి పనియో గృహస్థులకే తెలియును.

సేగావ్ పేరు సేవాగ్రామముగ మారుటకు కారణము చాలమంది తలంచునట్టి ఉదాత్తభావము మాత్రమే కాదు. రైలుమార్గమున షేగావ్ యను మఱియొక యూరు గలదు. మహాత్మునకు వ్రాసిన జాబులు ఆ యూరికి పోయి తిరుగుచుండెడివి. తపాలావారి యీ చిక్కు తీర్చుటకై 1940లో సేవాగ్రామమని పేరిడిరి.

1942 జూలై 14వ తేదీన వార్ధాలో కాంగ్రెసు కార్యవర్గము బ్రిటిషువారు భారతదేశమును విడిచిపోవలెనని తీర్మానించెను. ఆగస్టు మొదటి దినములలో మహాత్ముడు బొంబాయికి పయనమయ్యెను. వెంట కస్తూరిబా, మహాదేవ దేశాయి. 9వ తేదీ వేకువను నాయకులు బందీలైరి. వారము గడువకమునుపే, ఆగస్టు 15న, ఆగాఖాన్ సౌధమున మహాదేవుడు హఠాత్తుగ మరణించెను. 1944 ఫిబ్రవరి 22న కస్తూరిబా అచ్చటనే భర్త యొడిలో కన్నుమూసెను. అంతకుముందే, 1942 ఫిబ్రవరి 11న, జమ్నాలాల్ గారు దివంగతులైరి. 1944లో విడుదలయై మహాత్ముడు సేవాగ్రామము చేరునప్పటికి, ఇంటికి స్థలమిచ్చినవాడు లేడు, ఇంటిలెక్కలు వ్రాసినవాడు లేడు, ఇల్లాలు లేదు. కస్తూరిబా నాటిన పొగడచెట్టును, తాను 1936లో నాటిన రావిచెట్టును మాత్రము ఎదుగుచుండెను. స్వాతంత్ర్యసమరమును గూర్చి వ్రాయువారు చెఱసాలల లెక్కలు చెప్పుదురు. ఒక్కొక్క యింటిలో ఖాళీయైన చోట్ల లెక్కయు చెప్పవలసియున్నది.

1946 ఆగస్టు 25వ తేదీన మహాత్ముడు సేవాగ్రామము విడిచి ఢిల్లీకి వెళ్ళెను. పిమ్మట నౌఖాళీ, బీహారు, కలకత్తా, ఢిల్లీ. ఎక్కడెక్కడ ఇండ్లు తగులబడుచుండెనో అక్కడక్కడికెల్ల పోయెను. 1948 ఫిబ్రవరి ప్రారంభమున సేవాగ్రామమునకు తిరిగివచ్చుటకు ఏర్పాట్లు జరుగుచుండగనే, జనవరి 30న హత్య జరిగినది. పదునేడు మాసములు ఎదురుచూచిన మట్టియింటికి గృహస్థుడు తిరిగి రాలేదు.

అటుపిమ్మట ఆ యింటితో మన తెలుగువారికి గల రెండు సంబంధములను స్మరింపక తప్పదు. మొదటిది నాస్తికనాయకులగు గోరాగారిది. భగవంతుని నమ్మని యాయన 1944లో సేవాగ్రామమునకు పోయి, భగవంతుడే సర్వస్వమని నమ్మిన గృహస్థునితో వాదములు చేసి, ఆయన యాదరమును పొందెను. తన పెద్దకుమార్తెను హరిజన యువకునకీయ నిశ్చయించినపుడు, ఆ వివాహమును సేవాగ్రామమున జరిపింతునని మహాత్ముడు మాటయిచ్చెను. మాట యిచ్చినవాడు పోయినను ఆ మాట పోలేదు. 1948 మార్చి నెలలో ఆ వివాహము సేవాగ్రామముననే జరిగినది. 1936లో పటేలు తనవల్ల కాదన్న పని, పండ్రెండేండ్లకు ఆ యూరిలోనే ఒక తెలుగుకుటుంబమువలన నెఱవేరెను.

రెండవది వినోబాభావేగారి యాత్ర. 1951 మార్చిలో ఆయన సేవాగ్రామమునుండి కాలినడకను బయలుదేరి, హైదరాబాదు చేరువనున్న శివరామ్‌పల్లిలోని సర్వోదయసభకు వచ్చెను. సభ ముగిసినపిదప తెలంగాణమున తిరుగుచు, ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరెను. భూమిలేని హరిజనులు తమకు ఎనుబది యెకరములు కావలెనని కోరగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు సభలో లేచి నూఱెకరములిత్తుననిరి. భూదానోద్యమమునకు అదియే పుట్టుక. ఆ యుద్యమమున దానమైన భూమిలో ఎంత సేద్యమునకు పనికివచ్చినది, ఎంత కాగితములపైననే మిగిలినది యను విమర్శ గలదు. అది న్యాయమైన విమర్శయే. అయినను, ఇచ్చుటకు లేచి నిలిచిన మొదటి భూస్వామి తెలుగువాడగుటయు, అడుగుటకు వచ్చినవాని నడక సేగావ్ మట్టియింటి ముంగిటనుండి సాగుటయు మనము మఱవరానివి.

ఇంతటి సాదాతనమునకై ఎందఱి ధనము వ్యయమైనది, ఎందఱు సేవకులు కావలసివచ్చిరి యని యాక్షేపించిన వారాకాలముననే యుండిరి. ఒక మహాపురుషుడు వచ్చి నివసించుటచే ఆ గ్రామపు పేదఱికము పోయెనా యని అడుగువారు నేడును గలరు. మేమీ ప్రశ్నలను త్రోసివేయము. గ్రామము సంకుచితత్వమునకును వర్గతత్వమునకును నిలయమని, దానిని పొగడుట తగదని అంబేద్కరుగారు 1948లో రాజ్యాంగసభలో నిష్కర్షగ చెప్పిరి. పటేలు మాటను మొదట చెప్పితిమి గనుక, ఆ యాక్షేపణలోని సత్యమును కాదనజాలము. ఆ యిల్లు గ్రామసమస్యలకెల్ల మందని మా వాదము కాదు. గ్రామమును బాగుచేయగోరువాడు గ్రామములో కాపురముండవలెనని మాత్రమది చెప్పుచున్నది. ఆ ప్రయత్నమునుండి కొన్ని నిలిచినవి గూడ: 1938 మొదలు నడచిన బునియాదీవిద్య, కస్తూరిబా పేరిటి ఆస్పత్రి, దాని పైని 1969లో వెలసిన వైద్యకళాశాల.

ఇక ఆ యిల్లు నేటివఱకు నిలిచియున్న విధమును చూడుడు. మట్టిగోడకు వానయే శత్రువు. వెదురునకు చెదలు శత్రువు. నాటుపెంకునకు కోతి శత్రువు. ఏటేట పెంకులు తిరుగవేయవలెను, తడికలు మార్చవలెను, గోడలు మెత్తవలెను, నేల యలుకవలెను. ఒక్క రెండు వానకాలములు ఎవరును పట్టించుకొనకున్నచో బాపూకుటీరము మట్టిదిబ్బయగును. 1936నాటి మట్టి నేడందెంత మిగిలియుండును? నిలిచినది మట్టికాదు, మెత్తుచున్న చేతుల వరుస. దొంగలనుండి కాపాడుటయు సులభము కాదు. అచ్చట నుంచిన మహాత్ముని కండ్లజోడు 2010లో అపహరింపబడి, ఆ సంగతి మఱుసటియేడు లోకమునకు తెలిసినది. వస్తువులు పోవచ్చును, అలుకుచేయి ఆగనంతకాలము ఇల్లు పోదు.

ఇచ్చట మా పాఠకమహాశయులతో ఒక్కమాట. 1852లో ధవళేశ్వరమున గోదావరికిని, 1855లో బెజవాడయొద్ద కృష్ణకును ఆనకట్టలు పూర్తియైన తరువాత, డెల్టాభూములు పండి, మన పల్లెలలో మండువాలోగిళ్ళు లేచినవి. టేకుస్తంభములు, చెక్కడపు ద్వారబంధములు, ధాన్యపుగాదెలు, పశువులసావడి, బాటసారి నడుము వాల్చుటకు వీధియరుగు, వీనితో నొక్కొక్క లోగిలి యొక చిన్న సంస్థానమువలె నుండెడిది. బిడ్డలు చదువులకని పట్టణములకు, పట్టణములనుండి ఖండాంతరములకు పోయిరి. వారిని తప్పుపట్టము, బ్రతుకుతెరువు నెవరు కాదనగలరు? కాని నేడు ఎన్ని లోగిళ్ళ ద్వారములకు తాళములు వ్రేలాడుచున్నవి! ఎన్ని స్తంభములు పాతసామానుల వర్తకులకు విక్రయింపబడి, నగరములలో అతిథిగృహములకు అలంకారములైనవి! నూఱురూపాయల మట్టిగుడిసె ఎనుబదియేండ్లు దాటి నిలిచియుండగా, వేలు పోసి కట్టిన టేకుమేడలు దానికన్న ముందుగ కూలుటకు కారణమేమి? ఒకదానిలో ప్రతిదినమును ఎవరో దీపము పెట్టుచున్నారు. రెండవదానిలో పెట్టువారు లేరు.

లోగిలిని మరల కాపురముగ చేయలేనివారు దానిని మఱియొక విధముగ బ్రతికింపవచ్చును. వీధియరుగు గ్రంథాలయమగును, సావడి వైద్యశాలయగును, మండువా పిల్లల బడియగును. ఒకప్పుడు ఆ గడప తొక్కుటకు వీలులేకుండిన వారి బిడ్డలు అందు కూర్చుండి చదువుకొనినచో, ఆ యింటికి పూర్వులు చేయకుండిన గృహప్రవేశము జరిగినట్లగును. వాటాల తగవులు తీరువఱకు ఆగినచో ఇల్లాగదు. వచ్చెడి వానకాలమునకు ముందుగనే తాళము తీసి, కప్పు పెంకులనొక్కసారి చూచుకొనవలసినదని మా పాఠకులను కోరుచున్నాము.